అందరూ అర్జెంటే అయితే ఆగేదెవరు?

పోయిన వేసవి సెలవుల్లో ఓ పది రోజులు బంటుమిల్లి దగ్గర మా బాబాయి వాళ్ళింట్లో ఉన్నాను. బాబాయికి రెండు రొయ్యల చెరువులు. మాది కూచిపూడి. ఇంట్లో వరి తప్ప వేరే సాగు తెలీదు కాబట్టి రొయ్యల చెరువు నాకు వింతే. ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతూ రాత్రంతా చప్పుడు చేస్తూనే ఉంటాయి. మొదటి రెండు రాత్రులు ఆ చప్పుడుకి నిద్ర పట్టలేదు. మూడో రాత్రి ఆ చప్పుడు ఆగిపోవడంతో మెలకువ వచ్చింది.

టైమ్ రెండు దాటింది. కరెంటు లేదు. బాబాయి అప్పటికే లుంగీ ఎగ్గట్టి జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతున్నాడు. పగలు చెరువులో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ వాడుకుంటుంది. తెల్లవారుజాముకి వచ్చేసరికి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో ఏరియేటర్లు ఆగితే పంటంతా పోవచ్చు. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పిన్ని టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట తిరుగుతూ రొయ్యలు పైకి వస్తున్నాయేమోనని చూస్తోంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఏం చెయ్యాలో తెలీక. మూడోసారికి జనరేటర్ అందుకుంది.

పొద్దున తెలిసింది, ఎక్కడో ఇంకో ఊరి లైను మీద కొమ్మ పడిందట. దానికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పోయింది. బాబాయి టీ తాగుతూ అడిగాడు: "ఎక్కడో కొమ్మ పడితే అక్కడ పోవాలి గానీ మా అందరికీ ఎందుకు పోవాలి అమ్మడూ? కంప్యూటర్లు చదువుతున్నావుగా, చెప్పు."

కంప్యూటర్లకీ కరెంటుకీ సంబంధం ఏంటి బాబాయ్ అని నవ్వేశాను. ఆ నవ్వు తప్పని తర్వాత తెలిసింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి కాబట్టి తప్పులుంటే క్లబ్ వాళ్ళు దిద్దుతారు, మీరు సర్దుకోండి.

ముందే ఒక మాట. ఆ రాత్రి బాబాయి ఊళ్ళో జరిగినదానికి కంప్యూటర్ నెట్‌వర్క్ కారణం అని నేను అనట్లేదు. అక్కడివన్నీ పాతకాలపు రిలేలే. కానీ బాబాయి అడిగిన ప్రశ్నకి కొత్త సబ్‌స్టేషన్లలో జవాబు చెప్పేది మాత్రం నెట్‌వర్కే. మన బ్రాంచి వాళ్ళకి ఆ సంగతే తెలీదు.

సబ్‌స్టేషన్‌లోకి ఒక పెద్ద లైను వస్తుంది, అక్కడి నుంచి ఊళ్ళకి ఫీడర్లు పోతాయి. ప్రతి ఫీడర్‌కీ ఒక బ్రేకర్, ఆ బ్రేకర్‌ని ఎప్పుడు తెరవాలో చెప్పే ఒక రిలే. వచ్చే లైనుకి కూడా పైన ఒకటి. ఒక ఫీడర్ మీద కొమ్మ పడితే ఆ ఫీడర్ రిలేకీ కనిపిస్తుంది, పైనున్న రిలేకీ కనిపిస్తుంది. ఎందుకంటే ఆ కరెంటంతా పైనుంచే కదా వస్తోంది. కిందది తెరుచుకుంటే ఒక్క ఊరికి చీకటి. పైది తెరుచుకుంటే అన్ని ఊళ్ళకీ. అందుకే పైదానికి ఓపిక నేర్పారు: కిందివాడికన్నా సుమారు 0.3 సెకన్లు ఎక్కువ ఆగు, వాడు తెరవకపోతేనే నువ్వు తెరువు. బాగానే ఉంది గానీ ఒక చిక్కుంది. నిజంగా సబ్‌స్టేషన్ లోపలే షార్ట్ అయితే కూడా పైది అంతసేపూ ఆగుతుంది. ఆ కాసేపట్లో ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం మామూలుది కాదు.

మాటలతో దీనికో మార్గం కనిపెట్టారు. ఫీడర్ రిలేకి తప్పు కనిపించిన వెంటనే అది పైదానికి "ఇది నాది, నేను చూసుకుంటా, నువ్వాగు" అని ఒక సందేశం పంపుతుంది. ఆ మాట వస్తే పైది ఆగుతుంది. రాకపోతే తప్పు లోపలే ఉందన్నమాట, కొద్ది మిల్లీసెకన్లు చూసి తెరిచేస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఒక్క సందేశం ఆలస్యమైతే ఏమవుతుంది? పైరిలే తన పని తను కరెక్ట్‌గా చేసి అన్ని ఊళ్ళకీ కరెంటు తీసేస్తుంది. ఎవరిదీ తప్పు కాదు. మాట లేటయింది, అంతే.

ఈ మాటలు ఇప్పుడు పోయేది ఈథర్‌నెట్ మీద. ఐఈసీ 61850 అనే ప్రమాణం ఉంది. కొత్తగా కట్టే పెద్ద సబ్‌స్టేషన్లు దాని ప్రకారమే కడుతున్నారు. పంజాబ్‌లో మలేర్‌కోట్లా దగ్గరున్న 400 కేవీ సబ్‌స్టేషన్‌ని పవర్‌గ్రిడ్ 2020లో ఇలా డిజిటల్‌గా మార్చింది. అంతకుముందు ఒక్కో సంకేతానికి ఒక్కో జత రాగి తీగలు. ఇప్పుడు ఫైబరు, మధ్యలో ఈథర్‌నెట్ స్విచ్. (స్విచ్ గురించి రాస్తున్నానంటే మా అమ్మ ఫ్యాన్ స్విచ్ అనుకుంది. అది కాదు, మన ల్యాబ్ మూలలో పచ్చ లైట్లతో మిణుకుమనే డబ్బా.) రాగి తీగకి ఒక గొప్ప గుణం ఉండేది: దాంట్లో ఇంకెవరూ ఉండరు. ఫైబర్‌లో ట్రిప్ సందేశం, మీటర్ రీడింగులు, సీసీ కెమెరా వీడియో, ఇంజనీరు డౌన్‌లోడ్ చేస్తున్న ఫైలు అన్నీ ఒకే దారిలో పోతాయి. ఇక్కడే ప్రయారిటీ అవసరం పడింది.

నిజానికి ఈ ఆలోచన ఈథర్‌నెట్‌తో పుట్టింది కాదు. హైటెన్షన్ లైన్లు సబ్‌స్టేషన్‌లోకి దిగేచోట డ్రమ్ములాంటి చుట్ట ఒకటి వేలాడుతుంటుంది, చూసే ఉంటారు. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. పాతరోజుల్లో, చాలాచోట్ల ఇప్పటికీ, కరెంటు తీగ మీదే ఫోను మాటలు కూడా పంపేవాళ్ళు. అటు సబ్‌స్టేషన్ ఇంజనీరూ ఇటు ఇంజనీరూ మాట్లాడుకుంటూ ఉండగా ట్రిప్ చెయ్యాల్సి వస్తే ఆ యంత్రం వాళ్ళ మాటని మధ్యలో కోసేసి, ఉన్న బలమంతా ట్రిప్ సంకేతానికే ఇచ్చేసేది. ఎవరి మాట ముందు, ఎవరి మాట ఆగాలి అనేది ముందే తేల్చి పెట్టారన్నమాట. నాకు ఈ విషయం చాలా నచ్చింది. పెద్ద సారు మాట్లాడుతున్నా సరే, ఫోను కట్.

ఈథర్‌నెట్‌లో అదే పని మూడు బిట్లు చేస్తాయి. ఫ్రేమ్‌లో పంపినవాడి అడ్రసు అయిపోగానే నాలుగు బైట్ల ట్యాగ్ ఒకటి ఉంటుంది, 802.1క్యూ ట్యాగ్. అందులో మూడు బిట్లు ప్రయారిటీ, అంటే 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. లోపల ఏం రాసుందో స్విచ్ చదవదు. ఆ నంబరు చూసి ఏ క్యూలో వెయ్యాలో తేల్చుకుంటుంది. మా ఊరివాళ్ళకి దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. భామాకలాపంలో సత్యభామ ఎలా వస్తుంది? ముందు తెర. ఆ తెర మీద నుంచి జడ పడుతుంది. ఇంకా మొహం చూడలేదు, ఒక్క మాట వినలేదు, అయినా జనానికి తెలిసిపోతుంది ఎవరొస్తున్నారో. ట్యాగ్ అంటే ఆ జడే.

చిన్నప్పుడు నాలుగేళ్ళు నేనూ గజ్జె కట్టాను కాబట్టి ఇంకో మాట కూడా చెప్తాను. ఆ జడ ఎవరు పడితే వాళ్ళు వెయ్యకూడదు. దాని సంగతి తర్వాత.

ట్రిప్ సందేశాలకి ఐఈసీ 61850లో పేరు గూస్. కోతలయ్యాక మా వైపు పొలాల్లో దిగే బాతుల మంద గుర్తొస్తుంది నాకు. అది కూడా బాతులాగే ఆగకుండా అరుస్తుంది: ఏదైనా మారగానే ఒకసారి, కొన్ని మిల్లీసెకన్లకి మళ్ళీ, తర్వాత కొంచెం గ్యాప్ ఇచ్చి మళ్ళీ. అందినట్టు ఎవరూ తిరిగి చెప్పరు కాబట్టి ఇలా పదే పదే చెప్పుకోవాలి. అత్యవసర ట్రిప్ సందేశం ఇక్కడి నుంచి అక్కడికి చేరడానికి ఇచ్చిన గడువు 3 మిల్లీసెకన్లు. అందులో ఎక్కువ భాగం పంపే పరికరం, అందుకునే పరికరమే తినేస్తాయి. దారికి మిగిలేది కొంచెమే.

ఒక లెక్క. 100 మెగాబిట్ల పోర్టు మీద 1518 బైట్ల పెద్ద ఫ్రేమ్ ఒకటి బయటికి వెళ్ళడానికి సుమారు 120 మైక్రోసెకన్లు పడుతుంది. కెమెరా వీడియోవి అలాంటివి 20 ముందు నిలబడి ఉంటే 2.4 మిల్లీసెకన్లు. గడువు దాదాపు అక్కడే అయిపోయింది. అదే ట్రిప్‌కి విడిగా పై క్యూ ఉంటే ఆ ఇరవైనీ దాటి ముందుకొస్తుంది. కాకపోతే అప్పటికే బయలుదేరిన ఒక్క ఫ్రేమ్ మాత్రం పూర్తిగా వెళ్ళేదాకా ఆగాలి. రైల్వే గేటు పడ్డాక 108 అయినా ఆగాల్సిందే కదా, అలాగ. ఆ ఒక్కదానికీ పట్టేది 120 మైక్రోసెకన్లే. అంటే ఆలస్యం ఎంతవుతుందో తెలీని స్థితి నుంచి, ఒక్కో స్విచ్ దగ్గర ఇంతకు మించి కాదని చెప్పగలిగే స్థితికి వచ్చాం. ప్రయారిటీ ఇచ్చేది వేగం అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది ఇచ్చేది మాట. ఇంతకన్నా ఆలస్యం కానివ్వను అనే మాట.

దీని మీద మా హాస్టల్లో ఒక రాత్రి పెద్ద గొడవే అయింది. ఒక సీనియర్ అన్నది ఏంటంటే, ఇదంతా పాత ఏడుపు, గిగాబిట్ స్విచ్‌లు కొనేస్తే పోలా, 120 కాస్తా 12 అవుతుంది, ఇక క్యూ ఎక్కడ? వినడానికి న్యాయంగానే ఉంది. మామూలు రోజున ఆమె చెప్పిందే నిజం కూడా. సబ్‌స్టేషన్ నెట్‌వర్క్‌లో చాలావరకు దారి ఖాళీగానే ఉంటుంది. ప్రయారిటీ పెట్టినా పెట్టకపోయినా తేడా తెలీదు. కానీ సబ్‌స్టేషన్ కట్టింది మామూలు రోజు కోసం కాదు కదా. తప్పు జరిగిన క్షణంలో ప్రతి రిలే ఒకేసారి అరుస్తుంది, అలారాలు గుట్టలుగా వస్తాయి, ఏం జరిగిందో రికార్డు చేసిన ఫైళ్ళు పైకి పోతుంటాయి, కంట్రోల్ రూమ్‌లో ఎవరో కెమెరా తెరుస్తారు. ఇంకోటి, మధ్యలో గిగాబిట్ ఉన్నా చివర రిలేకి ఉండే పోర్టు చాలావాటికి 100 మెగాబిట్లే. నేషనల్ హైవే ఎంత వెడల్పు చేసినా మా ఊరి సందు మా ఊరి సందే. క్యూ అక్కడ మొదలవుతుంది.

ఈఈఈ చదివే నా రూమ్మేట్ ఆ గొడవలో ఒక మాట అంది. మీ సీఎస్ వాళ్ళకి సగటు తప్ప ఇంకేం తెలీదే అని. నిజమే. మనం యావరేజ్ లేటెన్సీ, థ్రూపుట్ అని మాట్లాడతాం. వీడియో ఒక్క సెకను ఆగితే గుండ్రంగా తిరిగే బొమ్మ వేస్తాం. రిలేకి ఆ బొమ్మ చూపించలేం. నూట్లో తొంభై తొమ్మిదిసార్లు టైమ్‌కి వచ్చి, కొమ్మ పడిన ఆ ఒక్కసారి రాకపోతే ఆ తొంభై తొమ్మిదీ ఎవరికి కావాలి?

సరే, ప్రయారిటీ కావాలని ఒప్పుకున్నాం అనుకోండి. నా అసలు గొడవ ఇక్కడి నుంచి. పెట్టామని అనుకోవడం వేరు, ఉండటం వేరు.

ప్రమాణంలో గూస్‌కి మామూలుగా ఇచ్చిన నంబరు 4. శాంపుల్డ్ వాల్యూస్ అని ఇంకో రకం సందేశాలున్నాయి. లైన్లో కరెంటు, వోల్టేజీ ఎంతుందో కొలిచి పంపేవి. మన 50 హెర్ట్జ్‌కి ఒక్కో కొలత పరికరం సెకనుకి 4000 ఫ్రేమ్‌లు పంపుతుంది, సుమారు 5 మెగాబిట్లు. అలాంటివి ఇరవై ఒక్క పోర్టు మీద పడ్డాయంటే 100 మెగాబిట్లూ అయిపోయినట్టే. మరి వీటికి మామూలుగా ఇచ్చిన నంబరెంత? అదీ 4. ఎవరూ ఏమీ మార్చకుండా పెట్టె విప్పి తగిలిస్తే, ట్రిప్ సందేశం కెమెరాని దాటుతుంది గానీ ఈ వేల ఫ్రేమ్‌ల వెనక మాత్రం వరసలో నిలబడుతుంది. ట్రిప్‌ని ఒక మెట్టు పైకి ఎక్కిస్తే సరిపోదా అంటే, అదీ ఆలోచించి చెయ్యాల్సిందే. శాంపుల్స్ కన్ను లాంటివి, ట్రిప్ చెయ్యి లాంటిది. కన్ను సరిగ్గా కనపడకపోతే చెయ్యి ఎప్పుడు లేపాలో ఎలా తెలుస్తుంది? నాకైతే ట్రిప్ పైనుండాలి, శాంపుల్స్‌ని వాటికి పనిలేని పోర్టులకి పోనివ్వకుండా వీల్యాన్‌లతో కట్టెయ్యాలి అనిపిస్తుంది. మీకు వేరేలా అనిపించొచ్చు. కానీ ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. కంపెనీ నుంచి వచ్చిన నంబరు అలాగే వదిలేస్తే ఎవరూ తేల్చలేదని అర్థం.

పై మెట్టు ఇవ్వడం ఎంత ముఖ్యమో కింద ఉన్నవాళ్ళని చూడటమూ అంతే. స్విచ్‌లో స్ట్రిక్ట్ ప్రయారిటీ పెడితే పై క్యూ ఖాళీ అయితే గానీ కింది క్యూకి అవకాశం రాదు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కాలవ ఎగువనున్నవాళ్ళు తూములన్నీ తెరుచుకుని కూర్చుంటే శివారు పొలానికి నీళ్ళు ఎప్పుడొస్తాయి? ఒక రిలే పాడై ఏడో నంబరుతో ఆగకుండా అరుస్తోందనుకోండి, మిగతా నెట్‌వర్కంతా శివారు పొలమే. అందుకే ఎవరికి ఎంత పై నంబరు ఇచ్చినా సెకనుకి ఇంతకి మించి పంపకూడదని పోర్టు దగ్గరే గీత గియ్యాలి.

ఇందాక జడ గురించి చెప్తానన్నా కదా. ట్యాగ్‌లో నంబరు ఎవరైనా వేసుకోవచ్చు. ఇంజనీరు తెచ్చిన ల్యాప్‌టాప్ కూడా తన ఫ్రేమ్ మీద 7 వేసుకోగలదు. స్విచ్‌కి చెప్పకపోతే అది నమ్మేస్తుంది. తెర మీద జడ పడింది కాబట్టి సత్యభామే అనుకుంటుంది పాపం. ట్యాగ్‌ని ఏ పోర్టు దగ్గర నమ్మాలి, ఏ పోర్టు దగ్గర చెరిపేసి మనమే రాయాలి అనేది ఒక్కో పోర్టుకీ విడివిడిగా చెప్పాలి. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. ఒక పోర్టు పొరపాటున ట్యాగ్ తీసేసేలా పెట్టి ఉంటే, అక్కడి నుంచి ఆ ట్రిప్ సందేశం మామూలు ఫ్రేమే. లింకు బాగుంది, పచ్చ లైటు వెలుగుతోంది, సందేశాలు చేరుతున్నాయి. అందరూ సంతోషం. కొమ్మ పడిన రోజుకి గానీ బయటపడదు.

నంబర్ల సంగతి వదిలేయండి, మన క్లాస్ గ్రూపే చూడండి. రికార్డు సబ్మిషన్ అర్జెంట్, ఫెస్ట్ చందా అర్జెంట్, ఎవరిదో వాటర్ బాటిల్ పోయింది అదీ అర్జెంట్. ఇప్పుడు అర్జెంట్ అని వస్తే ఎవరూ తెరవరు. పోయిన సెమిస్టర్లో నిజంగా అర్జెంటైన ఒక ఫీజు గడువు అలాగే నా కళ్ళ ముందు నుంచి జారిపోయింది. స్విచ్‌లో కూడా అంతే, అన్నిటికీ ఏడు పెడితే అన్నిటికీ సున్నా పెట్టినట్టే. ప్రయారిటీ ఇవ్వడం అంటే "నువ్వు ఆగొచ్చు" అని ఎవరో ఒకరికి మొహమాటం లేకుండా చెప్పడం. మీటర్ రీడింగ్ ఒక సెకను లేటయితే ఏం కాదు. ఫైలు పది నిమిషాలు లేటయినా ఏం కాదు. అది ఒప్పుకోలేని డిపార్ట్‌మెంట్ ఎన్ని లక్షలు పెట్టి స్విచ్ కొన్నా దండగ.

ఇదంతా ఎవరి పని? కరెంటు వాళ్ళు నెట్‌వర్క్ వాళ్ళ పనంటారు, నెట్‌వర్క్ వాళ్ళకి రిలే అంటే ఏంటో తెలీదు. మన కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్లో ఆ ట్యాగ్ బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటే అందరం గుర్తిస్తాం, మార్కులు కూడా వచ్చాయి. ఆ మూడు బిట్లు తప్పయితే ఎవరింట్లో దీపం ఆరుతుందో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కూలింది. రెండో రోజు అరవై కోట్లమందికి పైగా ఉండే ప్రాంతం చీకట్లో పడింది. బీనా–గ్వాలియర్ లైను మీద ఎక్కువ లోడుని ఒక రిలే తప్పుగా అర్థం చేసుకోవడం దగ్గర ఆ గొలుసు మొదలైంది. దానికి స్విచ్‌లతో సంబంధం లేదు. కానీ అప్పుడు మన దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉంది కాబట్టి ఆ గొలుసు మన దాకా రాలేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ ఆ ఒకే గ్రిడ్‌లో కలిశాం. ఎక్కడో ఉన్న రిలే ఏ నిమిషాన ఏం వింటుందో, ఏం వినదో అన్నది ఇప్పుడు కూచిపూడికీ బంటుమిల్లికీ కూడా సంబంధించిన విషయమే.

నేను అడిగేది పెద్దదేం కాదు. ల్యాబ్‌లో రెండు మేనేజ్డ్ స్విచ్‌లు ఉన్నాయి. ఈఈఈ వాళ్ళ ప్రొటెక్షన్ ల్యాబ్ మన బ్లాక్ నుంచి రెండు నిమిషాల నడక. ఒక సెమిస్టర్లో ఒక్క ప్రయోగమైనా ఇద్దరూ కలిసి చేస్తే చాలు: దారి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, వీడియోతో, ఫైళ్ళతో కావాలని నింపేసి, అప్పుడు ట్రిప్ సందేశం ఎంతసేపట్లో చేరుతుందో కొలవాలి. తర్వాత ఒక పోర్టు మీద ట్యాగ్ తీసేసి మళ్ళీ కొలవాలి. నా రూమ్మేట్, నేను వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌గా ఇదే రాసి ఇచ్చాం. ఎవరైనా కలుస్తామంటే మా రూమ్‌కి రండి, టీ మీదే.

దసరాకి బాబాయి ఇంటికొచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. జడ కథతో సహా. శ్రద్ధగా విన్నాడు, మధ్యలో రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. చివర్లో నా వైపు వంగి, పిన్నికి వినపడకుండా మెల్లిగా అన్నాడు:

"అయితే అమ్మడూ, నువ్వు చదువైపోయి ఆ ఉద్యోగంలో చేరాక, ఆ ఏడో నంబరేదో మన ఫీడర్‌కి వేయించలేవూ?"